పీస్ కమిటీ మీటింగుకూ శాంతి ప్రక్రియకూ నడుమ దూరం ఎంత

క్లుప్తంగా: తరాల నుంచి నడుస్తున్న రెండు వర్గాల లొల్లి ఒక్క సంతకంతో ఆగిన దాఖలా ఎక్కడా లేదు. ఆగిన కాడ చూస్తే చాటున నడిచిన మాటలు, ఇద్దరూ నమ్మిన మూడో మనిషి, ఆయుధాల లెక్క చూసే వేరే కమిషన్, పోలీసు శాఖలో మార్పు, ఊరేగింపుల మీద ముందే రాసిపెట్టుకున్న రూల్స్ కనిపిస్తయి. ఉత్తర ఐర్లాండ్ ఇందుకు పెద్ద ఉదాహరణ. భైంసా, జైనూర్ లాంటి చోట్ల పండుగ ముందు పెట్టే శాంతి కమిటీలు ఎందుకు అంతవరకే ఆగిపోతున్నయో అర్థం చేసుకోనీకి ఆ పోలిక పనికొస్తది.

2025 ఏప్రిల్ 27న హనుమకొండ జిల్లా ఎల్కతుర్తి సభలో కేసీఆర్ మావోయిస్టుల మీద నడుస్తున్న ఆపరేషన్ కగార్ ఆపాలె, మాట్లాడుకోవాలె అన్నంక శాంతి చర్చలు అనే మాట మళ్లీ చాయ్ హోటళ్ల కాడికి వచ్చింది. వరంగల్ సైడు యాభై దాటినోళ్లకు ఆ మాట వింటే 2004లో నక్సలైట్లతో సర్కారు చర్చలు గుర్తొస్తయి. ఇరవై ఏండ్ల పోరగాళ్లకు మాత్రం శాంతి అన్న పదం వినపడేది ఎక్కువగా వినాయక చవితికి ముందట పోలీస్ స్టేషన్‌లో పెట్టే శాంతి కమిటీ మీటింగు అప్పుడే. సోషల్ మీడియాలో చర్చ చూస్తే ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసి మాట్లాడుతున్నరు, అందుకే ఎవరు ఏం అంటున్నరో తెలుస్తలేదు.

సర్కారుకూ ఆయుధాలు పట్టినోళ్లకూ మధ్య చర్చలు ఒక రకం. ఒకే ఊర్లో, ఒకే కిరాణా దుకాణంలో సామాను కొనుక్కునే రెండు వర్గాల మధ్య రాజీ ఇంకో రకం. రెండోది ఎక్కువ కష్టం, ఎందుకంటే చర్చలు అయిపోయినంక ఇద్దరూ పోవాల్సింది ఒకే గల్లీకి. ఇక్కడ మాట ఎక్కువగా ఈ రెండో రకం గురించే, కాకపోతే మొదటి దాని నుంచి నేర్చుకునేది ఉన్న కాడ అది కూడా వస్తది.

నిప్పు కొత్తది, కట్టెలు పాతవి

నిర్మల్ జిల్లా భైంసాలో 2008 అక్టోబర్‌లో దుర్గమ్మ ఊరేగింపు అప్పుడు లొల్లి మొదలైంది, రెండు రోజులకు పక్కనున్న వటోలిలో ఒకే ఇంట్ల ఆరుగురిని సజీవంగా కాల్చేసిన్రు. 2020 జనవరిలో మళ్లీ అంటుకుంది, ఈసారి బైకు సైలెన్సర్ సప్పుడు మీద మాటామాటా పెరిగి. 2021 మార్చిలో ఇంకోసారి. సైలెన్సర్ సప్పుడుకు ఇండ్లు తగలబడతయా అని బయటోళ్లు అడుగుతరు. సప్పుడుకు కాదు తగలబడేది, అంతకుముందు పన్నెండేండ్లలో ఒక్కొక్కటిగా పేర్చుకున్న కట్టెలకు.

ఆ కట్టెలు పేర్చుకునే తీరు దాదాపు అన్ని దేశాల్లో ఒకటే. లొల్లి అయినంక భయంతో కొన్ని కుటుంబాలు తమవాళ్లు ఎక్కువున్న గల్లీకి మారుతరు, కలిసి ఉండే వాడలు తగ్గుతయి, పిల్లలు వేరే వేరే బడులకు పోతరు, దుకాణాలు కూడా నీవి నావి అయితయి. ఎదురుబొదురు ఉన్నప్పుడు "అట్ల జరిగిందంట కదా, నిజమేనా" అని అడగనీకి ఒక మనిషి ఉంటడు. ఆ మనిషే లేనంక ఫోన్లో వచ్చిన వీడియోనే నిజం. కేసులు ఏండ్ల తరబడి నడుస్తయి, ఎవరికీ న్యాయం అయినట్టు అనిపించదు, రెండు దిక్కులా "మావోళ్లనే పట్టుకున్నరు" అనే మాట మిగులుతది. తర్వాతి సైలెన్సర్ కోసం అన్నీ రెడీగా ఉంటయన్నట్టు.

ఉత్తర ఐర్లాండ్‌లో కట్టెలు ఇంకా పాతవి. 1921లో ఐర్లాండ్‌ను విడగొట్టినప్పుడు ఉత్తరాన ప్రొటెస్టెంట్లు మెజారిటీగా ఉన్న ఆరు కౌంటీలు బ్రిటన్ కిందనే ఉన్నయి. అక్కడి కాథలిక్కులు మైనారిటీ అయిన్రు. డెర్రీ టౌనులో కాథలిక్కులే ఎక్కువున్నా వార్డుల గీతలు ఎట్ల గీసిన్రంటే కౌన్సిల్ మాత్రం ఎప్పుడూ అవతలోళ్ల చేతికే. సర్కారు ఇండ్ల కేటాయింపు, ఉద్యోగాలు, పోలీసు కొలువులు అన్నిటికీ ఇదే లెక్క. 1968 అక్టోబర్‌లో పౌర హక్కుల ఊరేగింపు మీద పోలీసు లాఠీలు పడ్డయి, 1969లో సైన్యం దిగింది, 1972 జనవరి 30న డెర్రీలో సైన్యం కాల్పుల్లో 13 మంది అక్కడికక్కడే చనిపోయిన్రు. మూడు దశాబ్దాల్లో మొత్తం 3,500 మందికి పైగా. లెక్క చిన్నగా అనిపిస్తే ఇట్ల చూడాలె: అప్పట్లో ఆ ప్రాంతం మొత్తం జనాభా 15 లక్షల చిల్లర, 2011 లెక్కల ప్రకారం మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో 35 లక్షల మంది. అంటే సగం వరంగల్ జిల్లా కంటే తక్కువ జనంలో ఇంత చావు. ప్రతి వాడలో ఎవరో ఒకరి ఇంట్ల ఫొటోకు దండ ఉన్నట్టే.

పేరుకు కాథలిక్, ప్రొటెస్టెంట్ అంటరు గానీ లొల్లి దేవుడి మీద కాదు, ఆ గడ్డ బ్రిటన్‌ది కావాల్నా ఐర్లాండ్‌ది కావాల్నా అని. మతం అక్కడ ఎవరు ఏ దిక్కో చెప్పే గుర్తు మాత్రమే, మనకాడ ఇంటి పేరు చూసి కులం పట్టేసినట్టు.

చాటు మాటలు

"టెర్రరిస్టులతో మాట్లాడే ప్రసక్తే లేదు" అని లండన్‌లో పార్లమెంటులో చెప్తున్న ఏండ్లల్లోనే ఒక దారి తెరిచి ఉండె. డెర్రీలో బ్రెండన్ డడ్డీ అని ఒక వ్యాపారి, ఒకప్పుడు చేపల ఫ్రై, ఆలుగడ్డ చిప్స్ అమ్మే దుకాణం నడిపిండు. 1970ల నుంచి 1990ల దాకా బ్రిటిష్ గూఢచారి శాఖ మనిషికీ, బ్రిటన్ మీద తుపాకీ పట్టిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) నాయకులకూ మధ్య కబుర్లు మోసింది ఆయనే. ఊర్లో చాలామందికి ఆ సంగతే తెల్వదు. ఇంకోపక్క జాన్ హ్యూమ్ అనే కాథలిక్ నాయకుడు, తుపాకీకి పూర్తి వ్యతిరేకి, 1988 నుంచి ఐఆర్ఏ రాజకీయ పార్టీ నాయకుడు గెరీ ఆడమ్స్‌తో కలుస్తుండె. బయటపడ్డంక సొంతోళ్లే హ్యూమ్‌ను తిట్టిపోసిన్రు.

చాటు ఎందుకంటే, పెద్దమనుషుల పంచాయితీ చూసినోళ్లకు తెలిసే ఉంటది. పది మంది ముందట ఎవరూ మెట్టు దిగరు. అన్నదమ్ముల భూమి తగాదాలో కూడా అసలు రాజీ కుదిరేది పంచాయితీ కూసున్న చెట్టు కింద కాదు, ముందు రోజు రాత్రి ఇద్దరి ఇండ్లకూ తిరిగిన మేనమామ కాడ. నాయకుడికి ఎదుటోళ్ల కంటే సొంతోళ్ల భయమే ఎక్కువ, "అమ్ముడుపోయిండు" అన్న ఒక్క మాటకు అంతా పోతది. చాటు దారిలో ఎవరెంత దిగగలరో కొలుచుకుంటరు, తేలకపోతే "మేం మాట్లాడనే లేదు" అనొచ్చు. 1994 ఆగస్టు 31న ఐఆర్ఏ కాల్పుల విరమణ ప్రకటించింది అంటే వెనక అన్ని ఏండ్ల కబుర్లు ఉన్నయి. అది కూడా నిలవలేదు, 1996 ఫిబ్రవరిలో లండన్ డాక్‌లాండ్స్‌లో బాంబు పేలింది, 1997 జులైలో మళ్లీ విరమణ. ఒకసారి విరిగినంత మాత్రాన ప్రక్రియ చచ్చినట్టు కాదని అక్కడ తేలింది. ఆ దారి మూయకుండ ఉంచిన్రు కాబట్టే.

2004లో మనకాడ ఏం ఉండె, ఏం లేకుండె

ఈ కొలమానంతో 2004 నక్సలైట్ల చర్చలను చూస్తే కొన్ని సంగతులు కనిపిస్తయి. మూడో మనిషి ఉండె: రిటైర్డ్ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ నడిపిన పౌర స్పందన వేదిక 1997 నుంచే రెండు దిక్కులా తిరిగి మాట్లాడింది, కె.జి. కన్నబిరాన్, హరగోపాల్, పొత్తూరి వెంకటేశ్వరరావు లాంటి వాళ్ల మాటకు రెండు పక్కలా గౌరవం ఉండె. ఇంత మంచి మధ్యవర్తులు దొరకడం వేరే దేశాల్లో కూడా అరుదే. అక్టోబర్ 15 నుంచి హైదరాబాద్‌లో నాలుగు రోజులు చర్చలు నడిచినయి, సర్కారు తరఫున హోం మంత్రి జానారెడ్డి, అటు మావోయిస్టుల తరఫున రామకృష్ణ బృందం. భూమి దగ్గర్నుంచి ప్రజాస్వామిక హక్కుల దాకా ఎజెండా ఉండె.

తట్టుకున్నది ఆయుధాల కాడ. ఊర్లల్లకు తుపాకులతో రావొద్దని సర్కారు, అది చర్చలకు షరతు కావొద్దని వాళ్లు. ఎవరు ఉల్లంఘించిన్రో రోజూ లెక్క చూసి రెండు దిక్కులకూ చెప్పే అధికారం ఉన్న వ్యవస్థ లేకుండె, మధ్యవర్తులు ఎంత పెద్దోళ్లయినా వాళ్ల చేతిలో ఉన్నది విజ్ఞప్తి మాత్రమే. రెండో విడత జరగనే లేదు, 2005 జనవరిలో ఎన్‌కౌంటర్ల నడుమ చర్చలు ఆగినయి, ఆగస్టులో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్య తర్వాత నిషేధం మళ్లీ వచ్చింది.

ఐర్లాండ్‌లో కూడా తుపాకుల కాడ ఇట్లనే ముడిపడింది, "ముందు తుపాకులు పెట్టు, తర్వాత మాట" అనే పట్టు మీద ఏండ్లు గడిచినయి. ముడి విప్పిన తీరు ఏందంటే ఆ ఒక్క పంచాయితీని టేబుల్ మీద నుంచి తీసి పక్క గదిలో పెట్టిన్రు. అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 1996లో కొన్ని సూత్రాలు రాసిండు, వాటికి ఒప్పుకున్నోళ్లు చర్చలకు రావొచ్చు, ఆయుధాల పని మాత్రం కెనడా జనరల్ జాన్ డి షాస్టలేన్ కమిషన్ చూసుకుంటది. ఒప్పందం మీద సంతకాలు 1998 ఏప్రిల్ 10న, ఐఆర్ఏ ఆయుధాలు పూర్తిగా పక్కన పెట్టింది 2005 సెప్టెంబర్‌లో. నడుమ ఏడేండ్లు! అప్పుడు కూడా ఫొటోలు లేవు, లొంగిపోయినట్టు కనపడొద్దని. దానికి బదులు ఒక కాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్ పక్కన నిలబడి చూసి, చూసినం అని ఊరికి చెప్పిన్రు. 2004తో పూర్తి పోలిక కుదరదు, అక్కడ ఐఆర్ఏకు ఎన్నికల్లో నిలబడే పార్టీ ఉండె, ఇక్కడోళ్లు ఎన్నికలనే ఒప్పుకోరు. అయినా ఆ పక్క గది సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది.

ఒప్పందంలో ఏం రాసుకున్నరు

1998 ఒప్పందంలో ఎవరూ గెలవలేదు. జనంలో మెజారిటీ కోరినంత కాలం ఆ ప్రాంతం బ్రిటన్‌తోనే, ఎన్నడన్న మెజారిటీ మారితే ఓటు పెట్టి ఐర్లాండ్‌తో కలవొచ్చు. అక్కడ పుట్టినోళ్లు బ్రిటిష్ అనుకోవచ్చు, ఐరిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ అని పేర్లు వేరున్నా అధికారం సమానం, ఒకరు రాజీనామా చేస్తే రెండో కుర్చీ కూడా పోతది. ముఖ్యమైన బిల్లులకు రెండు వర్గాల నుంచీ మద్దతు ఉండాలె. ఇట్ల ఒకరి కాలు ఒకరికి కట్టేసిన్రు.

అందరికంటే ఎక్కువ మింగుడుపడనిది ఖైదీల విడుదల. ఒప్పందం ఒప్పుకున్న గ్రూపుల ఖైదీలు నాలుగు వందల మందికి పైగా రెండేండ్లలో బయటికి వచ్చిన్రు, వాళ్లల్ల హత్య కేసుల్లో శిక్ష పడ్డోళ్లున్నరు. చంపబడ్డోళ్ల భార్యాపిల్లలు వాళ్లను బజారులో చూడాల్సి వచ్చింది. అయినా 1998 మే రెఫరెండంలో ఉత్తరాన 71 శాతం అవును అన్నరు. మూడు నెలలకే, ఆగస్టు 15న, ఒమా టౌనులో ఒప్పందం నచ్చని చీలిక గ్రూపు కారు బాంబు పెట్టింది, 29 మంది పోయిన్రు. కూలిపోతదనుకున్నది కూలలేదు, కారణం సంతకం పెట్టిన వాళ్లు రెండు దిక్కులా ఒక్క మాట మీద నిలబడి దాన్ని ఖండించిన్రు.

ఇక్కడ ఒక వింత. దాదాపు ఇదే పంపకం 1973లో సన్నింగ్‌డేల్ ఒప్పందంలో కూడా ఉంది, 1974 మేలో ప్రొటెస్టెంట్ కార్మికుల సమ్మె రెండు వారాల్లో దాన్ని కూల్చేసింది. అందుకే 1998 దాన్ని "మందబుద్ధులకు సన్నింగ్‌డేల్" అని హ్యూమ్ పార్టీలోనే ఉన్న షేమస్ మాలన్ వెక్కిరించిండు. కాగితం మీద తేడా తక్కువే. తేడా కుర్చీల్లో ఉంది. 1973లో మధ్యేవాదులే కూసున్నరు, కూల్చగలిగినోళ్లు బయట ఉన్నరు. 1996లో చర్చల్లో ఎవరు కూసోవాల్నో తేల్చే ఎన్నికల పద్ధతే ఎట్ల పెట్టిన్రంటే పైనున్న పది పార్టీలకు సీటు గ్యారంటీ, దాంతో రెండు దిక్కులా తుపాకీ గ్రూపులకు దగ్గరున్న చిన్న పార్టీలు కూడా లోపలికి వచ్చినయి. ఎన్నికకు కొన్ని వారాల ముందు పుట్టిన మహిళల పార్టీ ఒకటి కూడా వచ్చింది, బాధితుల గురించి, కలిసి చదివే బడుల గురించి ఒప్పందంలో ఉన్న వాక్యాలు వాళ్లు పట్టుబట్టి రాయించినవి.

కుర్చీ దొరకనోళ్ల సంగతికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. మిజోరంలో 1986 ఒప్పందం నిలిచింది, కాంగ్రెస్ ముఖ్యమంత్రి లాల్‌థన్‌హావ్లా తన కుర్చీ దిగి ఇరవై ఏండ్లు తుపాకీ పట్టిన లాల్‌డెంగాకు ఇచ్చిండు, తను డిప్యూటీ అయిండు. అస్సాంలో బోడోలతో మాత్రం 1993, 2003, 2020 అని మూడుసార్లు రాసుకోవాల్సి వచ్చింది. అదే నేల మీద బోడోలు కాని జనం లక్షల్లో ఉన్నరు, వాళ్లు టేబుల్ కాడ లేరు. 2012లో అక్కడ బోడోలు, ముస్లింల నడుమ లొల్లిలో దాదాపు నాలుగు లక్షల మంది ఇండ్లు వదిలిపోయిన్రు. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆదివాసీ, లంబాడా పంచాయితీ 2017 నుంచి ముదిరినప్పుడు కూడా సర్కారు ఒకరితో ఒకసారి, ఇంకొకరితో ఇంకోసారి మాట్లాడుడే ఎక్కువ.

డప్పు, డీజే, రూటు

మన పాఠకులకు అన్నిటికంటే దగ్గరగా ఉండే ముచ్చట ఊరేగింపులు. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రొటెస్టెంట్ సంఘాలు ఏటా ఎండాకాలం బ్యాండు మేళాలతో వేల ఊరేగింపులు తీస్తయి, 1690 నాటి యుద్ధ విజయం గుర్తుగా. కొన్ని రూట్లు కాథలిక్ వాడల గుండా పోతయి. "మా తాతల కాలం నుంచి ఇదే రూటు" అని వాళ్లు, "మా ఇంటి ముందట మమ్మల్ని ఓడించిన పాట ఎందుకు" అని వీళ్లు. డ్రమ్‌క్రీ అనే చోట 1995 నుంచి కొన్నేండ్లు ప్రతి జులైలో ఇదే రణరంగం ఉండె.

ఒప్పందం కాలంలోనే దీనికి పెరేడ్స్ కమిషన్ అని ఒకటి పెట్టిన్రు. ఊరేగింపు తీసేవాళ్లు 28 రోజుల ముందు ఫారం నింపియ్యాలె: ఎంత మంది, ఏ బ్యాండు, ఏ రూటు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఖతం. అభ్యంతరం ఉన్న వాడవాళ్ల మాట కూడా వింటరు. తర్వాత కమిషన్ కాగితం మీద నిర్ణయం రాసి అందరికీ కనపడేటట్టు పెడతది: ఈ మలుపు దాకే, ఈ చర్చి ముందట పాట బంద్, ఒక్క డ్రమ్ము దరువు మాత్రమే. పోలీసులు అమలు చేస్తరు, నిర్ణయం వాళ్లది కాదు కాబట్టి పగ కూడా వాళ్ల మీద అంత పడదు. డ్రమ్‌క్రీలో 1998 నుంచి ఆ రోడ్డు మీదికి ఊరేగింపును పోనియ్యలేదు. డెర్రీలో ఇంకో తీరుగా తేలింది, లొల్లి అయితే గిరాకీ పోతదని వ్యాపారులు నడుమ పడి ఊరేగింపు సంఘాన్నీ వాడవాళ్లనూ కలిపి మాట్లాడిన్రు, ఏండ్లు పట్టింది గానీ అక్కడ ఊరేగింపు ఇప్పుడు చాలావరకు నెమ్మదిగా పోతుంది.

ఇప్పుడు మన శాంతి కమిటీ మీటింగు ఎట్ల ఉంటదో గుర్తు తెచ్చుకోవాలె. నిమజ్జనానికి కొన్ని రోజుల ముందు స్టేషన్ ఆవరణలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరుసలో అవే మొఖాలు: ఉత్సవ సమితి పెద్దలు, మసీదు కమిటీ పెద్దలు, రెండు పార్టీల వార్డు లీడర్లు. మన దగ్గర గంగా జమునా తెహజీబ్ ఉందని ఒకరు, పీరీల పండుగకు హిందువులే దట్టీలు కడతరు కదా అని ఇంకొకరు, కాజీపేట దర్గా ఉర్సు ముచ్చట ఒకరు ఎత్తుతరు, అవన్నీ నిజమే కూడా. డీజే సప్పుడు గురించి ఎవరో వెనక నుంచి అడిగితే "అవి మనం మనం చూసుకుందాం" అంటరు. చాయ్, బిస్కెట్, ఫొటో, జిల్లా ఎడిషన్‌లో వార్త. లొల్లి చేసే వయసు పోరగాళ్లు ఆ షామియానా కింద ఒక్కరు కూడా ఉండరు. మళ్లీ మీటింగు మిలాద్ నబీకో, హనుమాన్ జయంతికో.

ఇట్లాంటి కమిటీనే ఏడాది పొడుగునా నడిపితే ఏమైతదో చూపించిన ఊరు ఒకటుంది, అది కూడా మనోళ్లకు బాగా తెలిసిన ఊరు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ సైడు నుంచి పద్మశాలీలు మరమగ్గాల మీద బతకపోయిన భీవండి. 1970లో, 1984లో ఘోరమైన అల్లర్లు చూసింది. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోప్‌డే వాడవాడకూ మొహల్లా కమిటీలు పెట్టిండు, రెండు మతాల నుంచీ మామూలు జనాన్ని తీసుకున్నరు. పండుగ ఉన్నా లేకున్నా కూసునేవాళ్లు, మాట్లాడేది మోరీ గురించి, నల్లా కాడ తగాదా గురించి, ఎవరి పోరగాడు ఎవరిని కొట్టిండో దాని గురించి. బాబ్రీ తర్వాత 1992-93లో ముంబై రెండు విడతలుగా కాలిపోయి 900 మంది చనిపోతే, పక్కనే ఉన్న భీవండి చల్లగా ఉంది. పుకారు లేచిన రాత్రి ఫోన్ చేసి అడగనీకి అవతలి దిక్కు ఒక పేరు ఉండె, అంతే తేడా. అట్లని భీవండికి రోగం శాశ్వతంగా కుదిరిందనుకోవద్దు, 2006లో ఖబ్రస్తాన్ పక్క జాగలో పోలీస్ స్టేషన్ కట్టుడు మీద లొల్లి లేచి ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయిన్రు.

కెన్యాలోని వజీర్‌లో 1990ల మొదట్లో తెగల కొట్లాట నడిమిట్ల బజారు ఆడోళ్లు కూడా ఇదే చేసిన్రు. ఏ తెగ మనిషైనా అంగట్లో అమ్మొచ్చు, కొనొచ్చు అని ముందు ఆ ఒక్క రూలు పెట్టుకొని, దాన్ని చూసుకునే కమిటీ వేసుకున్నరు. తెగ పెద్దల రాజీ ఆ తర్వాత వచ్చింది.

పోలీసు ఎవరి మనిషి

ఉత్తర ఐర్లాండ్‌లో పాత పోలీసు దళంలో కాథలిక్కులు ఎనిమిది శాతం చుట్టే. 1999లో ప్యాటెన్ కమిషన్ చెప్పినట్టు 2001లో దళం పేరు, ఆ తర్వాత బ్యాడ్జి మార్చిన్రు, పదేండ్లు కొత్త కొలువుల్లో సగం కాథలిక్కులకు ఇచ్చిన్రు, 2011 నాటికి ముప్ఫై శాతం దగ్గరికి వచ్చింది. ఇది లేకుంటే మిగతావన్నీ ఉత్తవే అయ్యేవి, ఎందుకంటే ఠాణాకు పోతే వింటరు అన్న నమ్మకం లేనోడు ఠాణాకు పోడు, తన గల్లీ పోరగాళ్లను పిలుచుకుంటడు. 1972 కాల్పుల్లో చనిపోయినోళ్లు నిర్దోషులని విచారణ తేల్చి బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది మాత్రం 2010లో, 38 ఏండ్లకు.

జైనూర్‌లో 2024 సెప్టెంబర్ 4న జరిగిన లొల్లి చూస్తే ఇది ఎంత దగ్గరి సంగతో తెలుస్తది. ఒక ఆదివాసీ మహిళ మీద దాడి కేసు, నిందితుడు ఒక్కడు, చట్టం ప్రకారం అది అతని మీద కేసు. కొన్ని రోజుల్లో అది రెండు వర్గాల లొల్లి అయి దుకాణాలు తగలబడ్డయి, ఇంటర్నెట్ బంద్ పెట్టాల్సి వచ్చింది. ఒక్కడి నేరం వర్గం మొత్తానికి అంటుకోకుండ ఉండాలంటే కేసు నడుస్తుందన్న నమ్మకం ఆ మొదటి రెండు మూడు రోజుల్లోనే కనపడాలె.

మిగిలిపోయేవి

ఒప్పందం అయినంక ఐర్లాండ్‌లో 2007లో ఇయాన్ పెయిజ్లీ ఫస్ట్ మినిస్టర్‌గా, మార్టిన్ మెక్‌గిన్నిస్ డిప్యూటీగా పక్కపక్కన కూసున్నరు. ఒకాయన జీవితమంతా కాథలిక్కులకు ఏదిచ్చినా వద్దన్న పాస్టర్, ఇంకొకాయన ఒకప్పటి ఐఆర్ఏ కమాండర్. ఇద్దరి నవ్వులు చూసి పత్రికలు నవ్వుల అన్నదమ్ములు అని పేరు పెట్టినయి. అదే ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీ 2017 నుంచి మూడేండ్లు, 2022 నుంచి రెండేండ్లు మూతపడింది కూడా, ఒకరి కాలు ఒకరికి కట్టినందుకు కట్టాల్సిన కిరాయి అది. పైగా సభ్యులు నేను ఫలానా వర్గం అని రాసిచ్చి కూసోవాలె, ఏ వర్గమూ కాదన్నోళ్ల ఓటుకు కీలక బిల్లుల్లో బరువు తక్కువ. బోస్నియాలో 1995 డేటన్ ఒప్పందం ఇంతకంటే గట్టిగా వర్గాలను రాజ్యాంగంలోనే బిగించింది, అక్కడ కొన్ని ఊర్లలో ఒకే బడి బిల్డింగులో రెండు వర్గాల పిల్లలు వేరే గదుల్లో వేరే చరిత్ర పాఠాలు చదువుతుంటరు. మణిపూర్‌లో 2023 మే నుంచి మెయితీలుండే మైదానానికీ కుకీలుండే కొండలకూ నడుమ బఫర్ జోన్లు పెట్టిన్రు. కాల్పులు తగ్గించనీకి అవసరమే, కానీ బఫర్ జోను ఎంత కాలం ఉంటే అంత గట్టిపడతది.

బెల్‌ఫాస్ట్‌లో 1969లో తాత్కాలికమని వేసిన ముండ్ల కంచెలు తర్వాత గోడలైనయి, ఒప్పందం తర్వాత కూడా కొన్ని కొత్తవి లేసినయి. కలిసి చదివే బడుల్లో పిల్లలు మొత్తంలో పదో వంతు కూడా లేరు. గోడలన్నీ 2023 నాటికి తీసేస్తం అని 2013లో అక్కడి సర్కారు గడువు పెట్టుకుంది. కొన్ని కాడ గోడకు గేట్లు పెట్టిన్రు, పొద్దున తెరుస్తరు, జనం అటూ ఇటూ పనులకు పోతరు. గడువు దాటిపోయింది, చీకటి పడితే కొన్ని గేట్లకు తాళం ఇప్పటికీ పడుతుంది.